చిన్నీ, బాత్రూమ్ తలుపు తీసే పెట్టుకో

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అనంతపురంలో ఇల్లు దొరికిందట, అడ్వాన్స్ కూడా నీ జీతంలోంచే కట్టావట. మన ఇంట్లో సొంత సంపాదనతో ఇల్లు తీసుకున్న మొదటి ఆడపిల్లవు నువ్వే. ఆ మాట మీ పెదనాయనకు రెండుసార్లు చెప్పాను. ఆ తర్వాత మీ అమ్మ ఇంకోటి చెప్పింది. ఇల్లు బాగా మురికి పట్టి ఉందట, శని ఆదివారాలు ఒక్కదానివే కూర్చుని కడుక్కుంటావట. ఫోన్లో 10 తెల్ల స్పాంజీలు 150 రూపాయలకు తెప్పించుకున్నావట. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టలేదు.

స్పాంజీలు మంచివే, నేనూ వాడుతున్నాను. వాటిలో సబ్బూ ఉండదు, మందూ ఉండదు. మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్‌ను నురుగులా పొంగించి చేస్తారు. చేతికి మెత్తగానే తగులుతుంది గానీ, కంటికి కనపడనంత సన్నటి సాండ్‌పేపర్ అనుకో. నీళ్లలో ముంచి రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తు. బట్ట పిండినట్టు మెలితిప్పితే ముక్కలవుతుంది. రుద్దేకొద్దీ రబ్బరులా అరిగిపోతుంది కాబట్టి సగానికి కోసుకుని వాడుకో. తలుపు గడియ చుట్టూ పట్టిన చేతి జిడ్డు, గోడల మీద పిల్లల పెన్సిల్ గీతలు దానితో ఇట్టే పోతాయి. డిస్టెంపర్ గోడైతే రంగే ఊడొస్తుంది, నిగనిగలాడే పెయింట్ మీద మెరుపు పోతుంది. ముందు తలుపు చాటున ఒక మూల రుద్ది చూడు. నాన్‌స్టిక్ పెనం, టీవీ, ఫోన్ అద్దం దగ్గరికి తేవద్దు. చేతికంటిన పెయింట్ మరక పోవాలని ఒంటి మీద రుద్దుకోవద్దు, తోలు గీరుకుపోతుంది.

స్విచ్‌బోర్డు తుడిచే ముందు మెయిన్ ఆపు. తడి చేత్తో ముట్టుకోకు. మెయిన్ ఆపు. రెండుసార్లు రాశానని విసుక్కోకు తల్లీ.

గిన్నెలకు ఆ స్పాంజి కాదు, బీరపీచు. మీ జేజి పెరట్లో ముదిరిన బీరకాయలు తీగ మీదే ఎండనిచ్చి, గింజలు దులిపి దాచేది. వాడాక పిండి ఎండలో పడేస్తే వాసన రాదు. పొయ్యి వెనకాల గోడకు పట్టిన నూనె జిడ్డుకు వేడినీళ్లలో సర్ఫ్ కలిపి, బట్ట తడిపి పావుగంట అంటించి ఉంచు. నానిన జిడ్డు మాట వింటుంది.

ఇప్పుడు అసలు సంగతి. స్పాంజితో పోని మరక కనపడగానే నీకు యాసిడ్ గుర్తొస్తుంది. నాకూ అలాగే గుర్తొచ్చింది.

1996లో కడపలో, ఎర్రముక్కపల్లిలో మేము వేరు కాపురం పెట్టాం. మీ అక్కకు అప్పుడు ఏడాదిన్నర. తెల్లారితే పాలు పొంగించాలి. వంటగట్టంతా కడపబండ, దాని మీద ముందున్నవాళ్ల జిడ్డూ పసుపూ పేరుకుపోయి ఉన్నాయి. అంగడికి పోయి యాసిడ్ సీసా తెచ్చి పోశాను. బుసబుసమని పొంగింది. ఆ నురుగు చూసి మురికి కరుగుతోందని ఎంత సంబరపడ్డానో. కరిగింది మురికి కాదు, బండ. కడపబండ అంటే సున్నపురాయి, యాసిడ్ తగిలితే ఆగదు. కడిగి చూస్తే ఆ నలుపంతా పోయి బూడిద పూసినట్టు మచ్చలు తేలాయి. ఇంటి ఓనరు ఏమంటాడోనని ఒకటే టెన్షన్.

అక్కడైనా ఆగాల్సింది. కనీసం బాత్రూమైనా మెరిపిద్దామని మిగిలిన యాసిడ్ అక్కడ నేల మీద పోశాను. ఇంకా తెల్లగా రావాలని పైనుంచి బ్లీచింగ్ పౌడర్ చల్లాను. కిటికీ మూసే ఉంది.

గొంతులో ఎవరో కారం కూరినట్టయింది. కళ్లు మండి ఏమీ కనపడలేదు. దగ్గుతూ బయటికి వచ్చి పడ్డాను. అప్పుడు వినపడింది మీ అక్క దగ్గు. నా వెనకాలే వచ్చి బాత్రూమ్ గడప దగ్గర మగ్గుతో ఆడుకుంటోంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అది గాలికన్నా బరువు, నేలను అంటిపెట్టుకునే పాకుతుంది. నిలబడ్డ నాకన్నా కింద కూర్చున్న బిడ్డకే ఎక్కువ తగిలిందని డాక్టరు చెప్పాడు. పక్కింటామె వచ్చి దాన్ని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆ రాత్రంతా దాని ఎద మీద చెయ్యేసి, ఊపిరి లేస్తోందా పడుతోందా అని చూస్తూ కూర్చున్నాను. కొత్తింట్లో పాలు మీ జేజి ఒక్కతే పొంగించింది.

మీ అక్క ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, బాగుంది. అయినా ఫోన్లో అది దగ్గితే నేను మాట్లాడుతున్న మాట మరిచిపోతాను.

అందుకే చెప్తున్నా. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది కూడా ఆ యాసిడే. అది వాడిన చోట బ్లీచింగ్ పడకూడదు, ఒకటి వాడాక బాగా కడిగేసినా సరే, అదే పూట రెండోది ముట్టుకోకు. తలుపూ కిటికీ తెరిచే ఉంచు. అక్కడ ఉప్పునీళ్లయితే కుళాయిలకు తెల్లగా గార కట్టి ఉంటుంది. నిమ్మచెక్క రుద్ది, పది నిమిషాలు ఆగి కడిగెయ్. ఆ పులుపు బండ మీద మాత్రం పడనివ్వకు, నిమ్మరసం కూడా దాన్ని తింటుంది. బండకు సబ్బునీళ్లు చాలు. ఆరాక రెండు చుక్కలు కొబ్బరినూనె బట్టకు అద్ది తుడిస్తే నలుపు తేలుతుంది.

శనివారం గోడలూ కిటికీలూ కానిచ్చుకో. బాత్రూమ్ నేను వచ్చేదాకా ముట్టుకోకు. ఆదివారం పొద్దున తాడిపత్రి మీదుగా వచ్చే మొదటి బస్సు ఎక్కుతున్నాను. నాలుగు బీరపీచులు, నీకిష్టమని ఓళిగలు తెస్తున్నా. పాలు మాత్రం అక్కడే తీసిపెట్టు, ఈసారి పొంగేటప్పుడు నేను పక్కనే ఉండాలి.

మీ పెద్దమ్మ