పాఠకుల ప్రశ్నలు: న్యూట్రల్‌కు తేగానే ఆగిపోతున్న బోటు ఇంజిను

ప్రశ్న: మిత్రులం నలుగురం కలిసి కొన్న పాత మోటారు బోటు ఒకటి మా దగ్గర ఉంది. ఇంజిను 3.0 లీటర్ల పెట్రోలుది, వెనుక ఉన్నది మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ స్టెర్న్‌డ్రైవు, అంటే బోటు వెనుక నీళ్లలోకి దిగి ప్రొపెల్లరును తిప్పే భాగం. వేసవి అంతా ట్రెయిలర్ మీద ఎండలోనే ఉంచి, ఈ మధ్యనే నీళ్లలోకి దింపాము. ముందు గేరులో బాగానే పోతోంది గాని, ఒడ్డుకు చేరేటప్పుడు లీవరును న్యూట్రల్‌కు లాగితే బిగుతుగా వస్తోంది, వచ్చిన మరుక్షణమే ఇంజిను ఆగిపోతోంది. మెకానిక్ ఐడ్లింగ్ (ఊరికే తిరిగేటప్పటి ఇంజిను వేగం) పెంచిన తరువాత ఆగడం తగ్గింది గాని, గేరు పడినప్పుడల్లా ‘ఠంగు’మంటోంది. కార్బ్యురేటరు విప్పించమంటారా?
– ఒక పాఠకుడు, మారేడుపల్లి

జవాబు: కార్బ్యురేటరు జోలికి ఇప్పుడే పోకండి. లోపం అక్కడే ఉంటే, గేరుతో సంబంధం లేకుండా న్యూట్రల్‌లో ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా ఇంజిను ఆగాలి. మీ ఇంజిను గేరు వదిలే క్షణంలోనే ఆగుతోంది, పైగా లీవరు బిగుతుగా ఉందని మీరే రాశారు. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు మొదట అనుమానించవలసింది షిఫ్ట్ కేబులును, అంటే చేతి లీవరు కదలికను గేరుకు చేర్చే తీగను.

ఆల్ఫా డ్రైవులో గేరు పట్టేది డాగ్ క్లచ్. ఇంజిను లాగుతున్నంతసేపూ దాని పళ్లు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి, వాటిని విడదీయడానికి ఇంజిను పక్కనున్న షిఫ్ట్ ప్లేటు మీద ఒక చిన్న స్విచ్చిని అమర్చారు. ప్లేటు మీది లీవరులో వి ఆకారపు గంటు ఉంటుంది, అందులో స్విచ్చి చక్రం కూర్చుని ఉంటుంది. గేరు వదిలేటప్పుడు కేబులు మీద బరువు పడి ఆ చక్రం గంటులోంచి పైకి ఎక్కుతుంది, క్షణకాలం స్పార్కు ఆగుతుంది, పళ్ల మీద పట్టు సడలి క్లచ్ విడివడుతుంది, చక్రం మళ్లీ గంటులో పడుతుంది. కేబులు తుప్పు పట్టి రాసుకుంటున్నప్పుడు చక్రం వెంటనే కిందికి దిగదు. స్పార్కు తిరిగి రాకముందే ఇంజిను ఆగిపోతుంది. అంటే స్విచ్చి తన పని తాను చేస్తోంది, దాని వైరు పీకి వదిలేయడం పరిష్కారం కాదు. ఐడ్లింగ్ పెంచడం అంతకంటె చేటు, ఎందుకంటే మీరు వింటున్న ‘ఠంగు’ ఆ క్లచ్ పళ్లు వేగంగా కొట్టుకోవడం వల్ల వస్తున్నదే. ఐడ్లింగును కంపెనీ పుస్తకంలో చెప్పిన వేగానికి దించండి.

పరీక్షకు ముందు ప్రొపెల్లరుకు గుర్రపుడెక్క వేర్లు గాని, నైలాను తాడు గాని చుట్టుకున్నాయేమో చూడండి. మన చెరువుల్లో అది మామూలే. తరువాత ఇంజిను ఆపి, తాళం చెవి తీసి మీ జేబులో వేసుకుని, షిఫ్ట్ ప్లేటు దగ్గర చేతి లీవరు వైపు నుంచి వచ్చే పై కేబులును విడదీయండి. విడదీశాక కూడా చేతి లీవరు బిగుతుగానే ఉంటే తప్పు ఆ పై కేబులుదో, లీవరు పెట్టెదో. లీవరు వదులుగా కదిలితే, డ్రైవు వైపు పోయే కింది కేబులును చేత్తో తోసి చూడండి, అదే సమయంలో ఇంకొకరు ప్రొపెల్లరును మెల్లగా తిప్పుతుండాలి. తిప్పకుండా తోస్తే పళ్లకు పళ్లు ఎదురై మంచి కేబులు కూడా చెడ్డదిలా అనిపిస్తుంది. ఇక్కడ బిగుతు కనబడినా తీర్పు ఇంకా పూర్తి కాదు. డ్రైవు విప్పిన తరువాత కూడా కేబులు రాసుకుంటేనే అది మార్చవలసినది. అప్పుడు హాయిగా కదిలితే లోపం డ్రైవులోని షిఫ్ట్ షాఫ్టులో, అంటే గేరు మార్చే కడ్డీలో ఉన్నట్టు.

ఆల్ఫా డ్రైవు విప్పేటప్పుడు అది ముందుకు నడిపే గేరులో ఉండాలి. ఆరు నట్లు ఊడదీసి, ఇద్దరు పట్టుకుని తిన్నగా వెనక్కి లాగాలి. లోపల ఇంజిను నుంచి వచ్చే షాఫ్టును మోసే గింబల్ బేరింగును వేలితో తిప్పి చూడండి, గరగరమంటే దానినీ మార్చండి. బెల్ హౌసింగులో (డ్రైవును బిగించే చట్రంలో) కేబులు తీగ చివరను పట్టుకున్న చిన్న బిగింపు మరను వదులు చేసి పాత తీగను లాగినప్పుడు, ఒకప్పటి చేతక్ స్కూటరు గేరు తీగ హ్యాండిలు దగ్గర విచ్చుకున్నట్టు పోగులు విడివడి, ఎర్రటి తుప్పునీళ్లతో బయటికి వస్తే మీ అనుమానం తీరినట్టే. ఆ నీళ్లు ఎక్కడివంటే, కేబులు బయటికి వెళ్లే చోట ఉండే ముడతల రబ్బరు తొడుగు పగిలిపోయి ఉంటుంది. ఎండలో ఎండిన రబ్బరు ముడతల లోపలే చీలుతుంది, పైకి చూస్తే కనబడదు. వేళ్లతో సాగదీసి చూడండి. ఆ తొడుగు మార్చకుండా కొత్త కేబులు వేస్తే కొన్నాళ్లకే మళ్లీ ఇదే పని, పైగా అదే దారిన నీళ్లు బోటు అడుగుకు చేరతాయి. డ్రైవు విప్పారు కాబట్టి ఇంజిను నుంచి డ్రైవుకు వచ్చే షాఫ్టు చుట్టూ ఉండే పెద్ద తొడుగును కూడా ఇప్పుడే మార్చడం మంచిది.

సికింద్రాబాదు రాణిగంజిలో బేరింగు దొరుకుతుంది, స్టెయిన్‌లెస్ క్లిప్పులు దొరుకుతాయి. కేబులు మాత్రం అక్కడ కొలత చెప్పి చేయించుకోకండి. దాని బయటి గొట్టం నీరు చొరకుండా మూసి ఉండాలి, లోపలి తీగ పొడవులో కొద్ది తేడా వచ్చినా క్లచ్ సగమే పట్టి పళ్లు విరుగుతాయి.

కొత్త కేబులును ఎగ్జాస్టు వేడికి దూరంగా, పదునైన వంపు లేకుండా పరచండి. బెల్ హౌసింగులోకి బిగించే కేబులు మరకు సీలెంటు పూయడం మరవవద్దు. డ్రైవు ఎక్కించేటప్పుడు లోపలి షిఫ్ట్ దవడ, డ్రైవు నుంచి వచ్చే లీవరును సరిగా పట్టుకుందో లేదో టార్చి వేసి చూడండి. చాలామంది ఇక్కడే పొరపడి, అంతా బిగించాక గేరు పడక మళ్లీ విప్పుతారు. నట్లను 68 న్యూటన్ మీటర్లకు, అంటే 50 అడుగు పౌండ్లకు బిగించండి. ముందు కింది కేబులును సరిచేసి, ఆ తరువాతే పై కేబులును, దాని ఇత్తడి బ్యారెలు తిప్పుతూ, బలవంతం లేకుండా పిన్నులో కూర్చునేలా అమర్చండి. నేల మీద ఇంజిను నడిపి చూస్తే డ్రైవుకు నీటి గొట్టం తగిలించి తీరాలి, లేకుంటే నీటి పంపు రబ్బరు రెక్కలు మాడిపోతాయి.

ప్రశ్న: బిగుసుకున్న షిఫ్ట్ కేబులులోకి నూనె ఎక్కిస్తే సరిపోదా?
– మరొక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: సరిపోదు. ఒకటి రెండు రోజులు సులువైనట్టు అనిపిస్తుంది. తుప్పు పట్టి పోగులు విచ్చిన తీగను నూనె బాగుచేయదు, నీళ్లు లోపలికి వచ్చే దారినీ మూయదు. మార్చండి.