సిగ్నల్ కాడ బందైతున్న పద్మిని

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, మా నాయిన కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఉంది, సిగ్నల్ కాడ ఆగితే చాలు బందైతది, పెట్రోల్ వాసన, నల్ల పొగ. కార్బురేటర్ (పెట్రోల్‌ల గాలి కలిపి ఇంజన్‌కు పంపేది) ఇంట్లనే సెట్ చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ, కానీ ముందుగాల ఎయిర్ ఫిల్టర్, చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేందుకు పెట్రోల్ పాలు పెంచేది) కేబుల్, పాయింట్ల (ప్లగ్‌ల నిప్పురవ్వ పుట్టించే స్విచ్) గ్యాప్ చూడు, చాలాసార్లు తప్పు ఆడనే ఉంటది. ఇంజన్ మంచిగ వేడెక్కినంక బంద్ చేసి కార్బురేటర్ మీది మిక్చర్ స్క్రూ (పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసేది) మెల్లగ లోపలికి తిప్పు, తగలంగనే ఆపు, గట్టిగ బిగిస్తే మొన పాడైతది. ఆడికెల్లి ఒకటిన్నర చుట్టు బయటికి తిప్పి స్టార్ట్ చేసి, కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పుకుంట చెవి పెట్టి విను, ఇంజన్ ఎక్కడ జోరుగ, వణకకుండ తిరుగుతదో ఆడ వదిలేసి ఐడిల్ స్క్రూతోని (బండి ఆగినప్పుడు ఇంజన్ తిరిగే స్పీడ్ మార్చేది) స్పీడ్ తగ్గించు. కొన్ని రోజులు నడిపి స్పార్క్ ప్లగ్ తీసి చూడు, లేత గోధుమరంగు అయితే సరే, ఇంకా నల్ల మసే ఉంటే ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్ నిండినంక పెట్రోల్ ఆపేది) లీకైతుందేమో చూడాలె. షెడ్డు తలుపులు మూసి మాత్రం ఇంజన్ నడపకు, ఆ పొగ ప్రాణం తీస్తది.