జగదల్‌పూర్ మాస్కు గురించి

చిట్టితల్లీ,

గుంటూరు నుంచి పెద్దనాన్న దీవెనలు. బస్తర్‌లోని జగదల్‌పూర్ వెళ్ళి తెచ్చుకున్న చెక్క మాస్కు ఫొటోలు చూశాను. చెంపల మీద ఉలి గాట్లు నునుపు చెయ్యకుండా అలాగే వదిలేశాడు చూడు, అది చెయ్యి తిరిగినవాడి పని. అందుకే వార్నిష్ కొట్టించే ఆలోచన మానుకో. ఆ గాట్లు, ఆ పొగచూరిన రంగు మెరుపు కింద కనబడకుండా పోతాయి. ఒకసారి కొట్టాక తియ్యడం మన వల్ల కాదు. వంటనూనెలు కూడా రాయొద్దు, జిడ్డు కట్టి దుమ్మంతా పట్టుకుంటుంది. మెత్తటి పొడి బ్రష్షు చాలు.

అసలు భయం పుచ్చు పురుగుతో. రెండో ఫొటోలో లోపలివైపు, గడ్డం దగ్గర, గుండుసూది తలంత బెజ్జాలు కనిపించాయి. అక్కడ చెక్క తెల్లగా ఉంది. అది మానులో చేవలేని బయటి భాగం. అందులో పిండిపదార్థం ఉంటుంది, పురుగుకి కావలసింది అదే. టేకైనా చేవ ఉన్నంతవరకే గట్టి. మాస్కుని తట్టి ఉన్న పొడి దులిపేసి, కింద నల్ల కాగితం పరిచి వారం చూడు. మళ్ళీ మైదాలాంటి పొడి రాలితే పురుగు బతికే ఉందన్నమాట. మందు కొడితే రంగు పోవచ్చు. పాలిథీన్ కవర్లో గాలి లేకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో 2 వారాలు పెట్టు. బయటికి తీశాక ఆత్రపడి కవరు విప్పకు, ఒక రోజు అలాగే ఉండనియ్యి. వెంటనే విప్పితే చల్లటి చెక్కకి నీరు పడుతుంది. ఇదంతా తేలేదాకా కొండపల్లి బొమ్మల షోకేసులో మాత్రం పెట్టకమ్మా. ఆ బొమ్మలు చేసే తెల్లపొణికి మెత్తటి కర్ర, పురుగు వాటికీ పట్టొచ్చు.

మీ అత్తగారు గుమ్మం పైన దిష్టిబొమ్మగా కడదామంటున్నారని రాశావు. ఆవిడ నొచ్చుకోకుండా చెప్పు, దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టుకుందామని. ఒకరు తమ పండగ వేషాల్లోంచి చెక్కిన మొహాన్ని మనం దిష్టికి వేలాడదియ్యడం నాకు మనస్కరించదు. పైగా అక్కడ ఎండా వానా రెండూ కొడతాయి.

హాల్లో లోపలి గోడకి తగిలించు. బాత్రూమ్ గోడ, ఏసీ గాలి తగిలే చోటు వద్దు. వెనక వేలెడు సందు ఉంటే చెమ్మ నిలవదు. బెజవాడ ఎండలకి మే నెలలో సన్నటి బీట తీసిందనుకో, కంగారుపడి ఫెవికాల్ నింపకు. వానలు పడ్డాక చెక్క కాస్త ఉబ్బి బీట దగ్గరపడుతుంది.

చెక్కినాయన పేరు, ఊరు, ఏ కర్రో గుర్తుండగానే కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచు. లేకపోతే రేపు నీ పిల్లలకి అది ఉత్త గిరిజనుల మాస్కు అవుతుంది, చేసిన మనిషి ఉండడు. వారం తర్వాత పొడి సంగతి ఫోన్ చేసి చెప్పు. మీ ఫ్రీజర్లో పట్టకపోతే ఇక్కడికి తీసుకురా, మీ పెద్దమ్మతో చెప్పి మాది ఖాళీ చేయిస్తాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న