డి.మిన్. ప్రాజెక్టుకి ముందు సర్వే ఫారాలు పక్కన పెట్టండి

"మా సంఘంలో యౌవనస్థులు రావడం మానేశారు. దాని మీదే డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని మీరు అడిగారు, పాస్టర్ గారూ. డి.మిన్. అంటే సేవలో ఉన్న పాస్టర్లు తమ సంఘంలోని సమస్య మీదే ప్రాజెక్టు చేసి తెచ్చుకునే డిగ్రీ. నేను పాస్టర్ని కాను, సెమినరీ గుమ్మం తొక్కినవాణ్ణి కూడా కాను. మా అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, ఈ కోర్సు చేసినప్పుడు సంఘం తరఫున పెట్టిన సలహా బృందంలో నన్ను కూర్చోబెట్టారు. అందుకే బెంచీల్లో కూర్చునేవాళ్ల వైపు నుంచి చెప్తున్నాను.

మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న టౌను. అయ్యగారి సమస్య కూడా సరిగ్గా మీదే. గైడు గారితో మాట్లాడి "డిజిటల్ యుగంలో యువత ఆత్మీయ ఎదుగుదల" అని మొదలయ్యే రెండు వరుసల టైటిల్ పెట్టుకున్నారు. సెల్‌ఫోనే ముద్దాయి అని ముందే తేల్చేశారన్నమాట. ఆదివారం ఆరాధన అయ్యాక ఫారాలు పంచారు. ప్రతి ప్రశ్నకీ ఐదు గడులు: ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అలా. "కుటుంబ ప్రార్థన చేస్తారా?" ఎప్పుడూ. "బైబిలు చదువుతారా?" ఎప్పుడూ. ఆ కాగితాలు చూస్తే మా ఊళ్లో అందరూ పరిశుద్ధులే. తన ఫారం అయ్యగారే చదువుతారని తెలిసినవాడు ఇంకేం రాస్తాడు?

దానికి తోడు పైన పేరు, బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం, కింద సంతకం. ఒక పెద్దాయన ఫారం మడిచి జేబులో పెట్టుకుని "ఇది ఎక్కడికి పోతుంది బాబూ?" అని నన్నడిగాడు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని ఇప్పటికీ కలపలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన దగ్గర బీసీ-సి, అంటే వెనకబడిన తరగతుల్లో ఒక విభాగం. మనవడి ఎస్సీ సర్టిఫికెట్ పోతుందేమోనని తలుచుకుని ఏ తాత బాప్తిస్మం సంవత్సరం రాసి సంతకం పెడతాడు? సర్వేకి ఒప్పుకున్నానని సంతకం చేయించుకునే సమ్మతి పత్రాన్ని అమెరికా పుస్తకాల్లోంచి ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే ఇదే జరుగుతుంది. గైడ్లకి ఈ మాట ఎవరైనా చెప్పాలి.

అసలు విషయం బయటపడింది కోత పండుగ నాడు. ప్రేమవిందు అయిపోయింది. వెనక షెడ్డులో స్త్రీల సమాజం వాళ్లు గుండిగలు తోముతున్నారు. అయ్యగారు చేతులు కడుక్కోవడానికి అటు వచ్చి, మాటల్లో మాటగా "పిల్లలు ఫోన్లకి అలవాటు పడి మందిరానికి దూరమైపోయారమ్మా" అన్నారు. ఒకావిడ తల ఎత్తకుండానే, "అయ్యగారూ, మావాడు అలిగింది దేవుడి మీద కాదండీ, కమిటీ మీద" అంది.

పక్కావిడ వద్దని సైగ చేసింది కానీ ఈవిడ ఆగలేదు. అంతకుముందు డిసెంబరులో పిల్లలు రాత్రిళ్లు చలిలో ఇల్లిల్లూ తిరిగి క్యారల్స్ పాడారు. వచ్చిన చందాతో కీబోర్డు కొనుక్కుందామనుకున్నారు. కమిటీ ఆ డబ్బు తీసుకెళ్లి ప్రహరీ గోడలో పెట్టేసింది. పిల్లలు వెళ్లి అడిగితే "మీకెందుకురా లెక్కలు, పాటలు పాడుకోండి" అని పంపేశారట. "అప్పట్నుంచి ఆదివారం వస్తే మావాడికి కడుపునొప్పి అండీ" అంది ఆవిడ. షెడ్డులో అందరికీ తెలుసు, అయ్యగారికి తప్ప. ఆయన తడి చేతులు లాల్చీకే తుడుచుకుంటూ నిలబడిపోయారు.

ఏ సంఘంలో గొడవనైనా తవ్వి చూడండి, అడుగున లెక్కల పుస్తకం దొరుకుతుంది. ఆత్మీయ సమస్య అని మనం పెద్ద పేరు పెట్టుకుంటాం గానీ, మన సంఘాల్లో సగం ఉజ్జీవం రసీదు పుస్తకం దగ్గరే ఆగిపోతుంది. కాదనేవాళ్లు ముందు మీ ట్రెజరర్ గారిని పోయినేడాది క్యారల్స్ లెక్క అడిగి వచ్చి మాట్లాడండి.

అయ్యగారు టైటిల్ మార్చారు. ముందు రిజిస్టర్ తీసి పేర్లు రాయించారు: ఊళ్లో ఉండి రానివాళ్లు ఎవరు, హైదరాబాదుకో బెంగళూరుకో ఉద్యోగానికి పోయినవాళ్లు ఎవరు అని. మీరూ తప్పకుండా ఈ పని చేయండి. ఖాళీ బెంచీల్లో చాలావాటికి కారణం వలస. దానికి మీ ప్రాజెక్టులో మందు లేదు. మిగిలిన కొద్దిమందితోనే పని మొదలైంది. చందాకి వేరే పుస్తకం, ట్రెజరర్‌తో పాటు ఇద్దరు యౌవనస్థుల సంతకాలు, నెలకోసారి ప్రకటనల్లో లెక్క చదవడం, శనివారం సాయంత్రాలు కలిసి కూర్చుని అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చదవడం.

"ఇందులో వేదాంతం ఎక్కడుంది?" అని గైడు గారు అడిగారట. ఆ అధ్యాయమే జవాబు. వడ్డనలో తమ విధవరాండ్రని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు ఫారాలు పంచలేదు, అందరినీ పిలిచి ఏడుగుర్ని మీరే ఏర్పరచుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... ఆ ఏడూ గ్రీకు పేర్లే. అంటే సణిగినవాళ్ల వైపు వాళ్ల చేతికే గరిటె వెళ్లిందని నా లెక్క. అయ్యగారి ప్రాజెక్టు రిపోర్టులో మూడో అధ్యాయమంతా దాని మీదే నడిచింది.

అందరూ తిరిగి వచ్చారా అంటే రాలేదు. పాటల ప్రాక్టీసుకి కొందరు వచ్చారు, ఆ గుండిగలావిడ కొడుకు సండే స్కూల్లో చిన్నపిల్లలకి పాటలు నేర్పుతున్నాడు. మీరు కూడా ఫలితంగా ఇలా కంటికి కనపడేదే రాసుకోండి. "ఆత్మీయంగా బలపడ్డారు" అని రాస్తే దాన్ని కొలిచేది ఎవరు?

అన్నట్టు, ఫంక్షన్ హాల్లో గౌరవ డాక్టరేటు పేరుతో శాలువా కప్పించుకుని మర్నాటికల్లా ఫ్లెక్సీ మీద "డాక్టర్" అయిపోయే సేవకుల్ని చూసి మీ డాక్టర్ బిరుదు గురించి బెంగపడకండి. మా అయ్యగారు ఏళ్లు తిప్పలు పడి పూర్తిచేశాక కూడా ఊళ్లో ఆయన్ని ఎవరూ డాక్టర్ అనలేదు, అయ్యగారే. మీది బదిలీలు ఉండే డినామినేషన్ అయితే మాత్రం ఇంకోచోటికి వేసేలోపు ముగిసేంత చిన్న ప్రాజెక్టు పెట్టుకోండి. కొత్త ఊళ్లో పాత ఊరి సమస్య పనికిరాదు.

సర్వే తప్పదని మీ గైడు పట్టుబడితే పేరు, సంతకం గడులు తీసేసి, వెనక ఒక ఖాళీ పేజీ వదలండి. మీరు పంచకుండా స్త్రీల సమాజం వాళ్లతో పంచించండి, పెన్నులు కూడా మీరే కొని ఇవ్వండి. డిసెంబరులో మాత్రం వద్దు. అప్పుడు పిల్లలు క్యారల్స్ హడావుడిలో ఉంటారు.