సమాధానం: గుంపు, గుత్తి, గెల ఒకటేనా?

అక్కా, మీ పాప హోంవర్క్‌లో 'అరటిపండ్ల గుంపు' అని రాస్తే టీచర్ ఆ మాటను కొట్టేశారని, గుంపు, గుత్తి, గెల అన్నీ ఒకటే కదా అని అడిగారు. ఒకటి కావు.

వరస, కట్టు ఏమీ లేకుండా ఒకచోట చేరితే గుంపు. బస్టాండులో జనం, చెరువుగట్టు మీద కొంగలు. గుత్తికి మాత్రం మొదలు ఒక్కటే ఉండాలి. ద్రాక్షపండ్లన్నీ ఒకే కాడకు వేలాడతాయి, తాళంచెవులన్నీ ఒకే రింగుకు ఉంటాయి. గుత్తి వంకాయకు కోసేటప్పుడు చూడండి, నాలుగు చీలికలైనా తొడిమ దగ్గర విడిపోవు. (మన అనంతపురం జిల్లాలో కోట ఉన్న గుత్తి ఊరి పేరును దీంతో కలపొద్దు. పొలం గుత్తకివ్వడంలోని 'గుత్త' కూడా వేరే మాట.)

అరటికి రెండు మాటలున్నాయి. చెట్టు నుంచి నరికి దించేది గెల. అందులో చేతివేళ్లలా పక్కపక్కనే అతుక్కుని ఉండే ఒక్కో వరస అత్తం. బజారులో డజను లెక్కన కొనీ కొనీ ఈ మాట మరిచిపోయాం.

మిగతావి తేలికే: గొర్రెల మంద, మిడతల దండు, చీమల బారు, కొత్తిమీర కట్ట, నెత్తిన మోసే గడ్డి మోపు. కళ్లంలో శెనక్కాయలు పోస్తే కుప్ప. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే దొంతర.

సమూహం, సముదాయం దేనికైనా సరిపోతాయి గానీ, 'అరటిపండ్ల సముదాయం' అని మాత్రం రాయించకండి!