ప్రశ్నలు - జవాబులు: తన హద్దులు తెలిసిన కథానాయకుడు అక్కినేని

అక్కినేని నాగేశ్వరరావు నటజీవితం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి ముడిపడినవి కొన్ని ఉన్నాయి. వాటికి ఈ సంచికలో వరుసగా సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: అక్కినేనిని రైల్వేస్టేషన్లో చూసి హీరోను చేశారని మా పెద్దలు చెబుతుంటారు. ఇది నిజమా, కల్పనా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: నిజమే. బెజవాడ రైల్వేస్టేషన్లో ఆయన్ను చూసిన దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య తన 'శ్రీ సీతారామ జననం' చిత్రంలో రాముడి వేషం ఇచ్చారు. ఆ చిత్రం 1944లో విడుదలైంది. ఈ బలరామయ్య, గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఒకరేనని పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, ఇద్దరూ వేర్వేరు వ్యక్తులని ఈ సందర్భంగా చెప్పడం అవసరం. అయితే ఈ రైల్వేస్టేషన్ కథను పదేపదే చెప్పుకోవడం వల్ల అంతకుముందు జరిగిన శ్రమ మరుగున పడిపోతోంది. 1924 సెప్టెంబరు 20న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని రామాపురంలో, ఒక వ్యవసాయ కుటుంబంలో కడగొట్టు కొడుకుగా పుట్టిన నాగేశ్వరరావుకు చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. ఆ తరవాత ఆయనకు బడి అయినా, గురుకులమైనా నాటకరంగమే. స్త్రీలు రంగస్థలం ఎక్కడం అరుదుగా ఉన్న ఆ కాలంలో ఆయన ఎక్కువగా స్త్రీ పాత్రలు ధరించి పేరు తెచ్చుకున్నారు, దుక్కిపాటి మధుసూదనరావు ప్రోత్సాహంతో నాటకాల్లో రాటుదేలారు. 1941లో వచ్చిన 'ధర్మపత్ని'లో చిన్న వేషం కూడా వేశారు. అంటే బలరామయ్య కంటబడింది దారినపోయే కుర్రవాడు కాదు, ప్రేక్షకుల ముందు నిలబడటం అప్పటికే బాగా తెలిసిన నటుడు.

ప్రశ్న: తొలి చిత్రాల్లో ఆయన పాటలు ఆయనే పాడుకున్నారా? (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: అవును. నేపథ్యగానం ఇంకా స్థిరపడని ఆ రోజుల్లో నటులు తమ పాటలు తామే పాడుకునేవారు, అక్కినేని కూడా అలాగే పాడారు. 1948లో వచ్చిన 'బాలరాజు'తో ఘంటసాల గళం ఆయనకు తోడైంది, ఆ తరవాత రెండు దశాబ్దాలకు పైగా ఆ జోడీ కొనసాగింది. తనకు సంగీత పరిజ్ఞానం పరిమితమని గ్రహించి, పాటను గాయకుడికి వదిలి, ఆ పాటకు తగిన ముఖాన్ని ఇవ్వడంపై శ్రద్ధ పెట్టడం ఆయన చేసిన తెలివైన పని అని మా అభిప్రాయం.

ప్రశ్న: 'దేవదాసు' అంతటి విజయం తరవాత 'మిస్సమ్మ'లో రెండో కథానాయకుడి పాత్రకు ఆయన ఎలా ఒప్పుకున్నారు? ఈ రోజుల్లో ఏ హీరో అయినా ఒప్పుకుంటాడా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఈ ప్రశ్నకు కాస్త వెనక్కి వెళ్ళి జవాబు చెప్పాలి. 'బాలరాజు', 'కీలుగుర్రం' వంటి చిత్రాలతో అక్కినేని జానపద కథానాయకుడిగా స్థిరపడ్డారు. జానపదాల్లో కత్తి తిప్పిన యువకుడు బెంగాలీ రచయిత శరత్‌చంద్ర చటోపాధ్యాయ నవలలోని సుకుమారుడైన జమీందారు బిడ్డగా ఏం మెప్పిస్తాడన్న సందేహం, వినోదా నిర్మాణ సంస్థ వారు 'దేవదాసు' తలపెట్టినప్పుడు చాలామందికి కలిగింది. 1953 జూన్‌లో విడుదలైన ఆ చిత్రానికి వేదాంతం రాఘవయ్య దర్శకుడు, సంగీతం సి.ఆర్.సుబ్బురామన్‌ది, సుబ్బురామన్ చిత్రం పూర్తికాకముందే కన్నుమూయడంతో మిగిలిన పనిని ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి ముగించారు. తాగుబోతు సన్నివేశాలను రాత్రివేళల్లో చిత్రీకరించారనీ, కడుపునిండా పెరుగన్నం తినడం వల్ల కళ్ళు మత్తుగా వాలిపోయేవనీ అక్కినేని తరవాతి కాలంలో స్వయంగా చెప్పేవారు. ప్రేక్షకుడు మైకమనుకున్నది నిజానికి నిద్ర. కానీ నిద్రకళ్ళతో ఎవరైనా కూర్చోగలరు. పార్వతి పెళ్ళైపోయాక దేవదాసు మాటలో వచ్చే ఆ తెగింపును, ఎవరి మీదా కాక తన మీదే తనకున్న కోపాన్ని కనబరచడం అందరికీ చేతకాదు. పార్వతిగా సావిత్రి ఎదురుగా ఉండటం కూడా ఆయనకు కలిసివచ్చింది. ఆయన ఆ పాత్రలో గొంతు పెంచిన సందర్భాలు చాలా తక్కువ, నేటికీ అది పాతబడకపోవడానికి అదే కారణమని మేము భావిస్తాం.

ఇంతటి విజయంలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఒకసారి విషాద నాయకుడిగా ముద్ర పడితే నిర్మాతలు అవే పాత్రలు తెస్తారు, ప్రేక్షకులు కొన్నాళ్ళు ఏడ్చి తరవాత విసుగెత్తిపోతారు. ఆ ముద్ర నుంచి బయటపడటానికి అక్కినేని కోరి హాస్యపాత్రను అడిగి తీసుకున్నారు. విజయా సంస్థ నిర్మించగా ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో 1955 జనవరిలో వచ్చిన 'మిస్సమ్మ'లో కథానాయకుడు ఎన్.టి.రామారావు, అక్కినేనిది మేనమామ ఇంట్లో తిరుగుతూ ప్రతి విషయంలోనూ రహస్యం వెతికే డిటెక్టివ్ రాజు పాత్ర. ఈ కథనే తమిళంలో 'మిస్సియమ్మ'గా తీసినప్పుడు అదే పాత్రను హాస్యనటుడు తంగవేలుకు ఇచ్చారంటే, అక్కినేని ఒప్పుకున్నది ఎలాంటి వేషమో తెలుస్తుంది. ఈనాటి హీరోల సంగతి అడిగారు. వారి మార్కెట్ లెక్కలు వేరు కాబట్టి పోల్చడం న్యాయం కాదు, అయినా ఇంత పెద్ద విజయం వచ్చిన రెండేళ్ళలోపే తనను చూసి జనం నవ్వుకోవాలని కోరుకునే ధైర్యం ఏ కాలంలోనైనా అరుదే.

ప్రశ్న: ఆయన రాముడిగా మొదలై కూడా పౌరాణికాల్లో రామారావు గారంతగా ఎందుకు కనిపించలేదు? (ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: నిండైన విగ్రహం, గంభీరమైన కంఠం కోరే దేవతా పాత్రలకు రామారావు సరిపోయినట్టు తాను సరిపోనని అక్కినేని ముందే గుర్తించారు. అందువల్ల అదే కాలపు కథల్లో వేరే చోటు చూసుకున్నారు: 'మాయాబజార్'లో అభిమన్యుడు, 'భూకైలాస్'లో నారదుడు, 'శ్రీకృష్ణార్జున యుద్ధము'లో అర్జునుడు. భక్తులు, కవులు మాత్రం పూర్తిగా ఆయన సొంతమయ్యారు. 'విప్రనారాయణ', 'తెనాలి రామకృష్ణ', 'మహాకవి కాళిదాసు', 'భక్త తుకారాం' ఆ కోవలోవి. 'తెనాలి రామకృష్ణ'లో రాయల సింహాసనం మీద రామారావు కూర్చుంటే, ఆ సభను తన మాటలతో ఆడించిన వికటకవి అక్కినేని. ఇరవై ఏళ్ళ తరవాత 'చాణక్య చంద్రగుప్త'లోనూ ఇద్దరి నడుమ పంపకం అలాగే జరిగింది, చంద్రగుప్తుడు రామారావు, చాణక్యుడు అక్కినేని. దీన్ని పోటీగా చూసే అభిమానులకు మా జవాబు నచ్చకపోవచ్చు.

ప్రశ్న: తెలుగు పరిశ్రమ హైదరాబాదుకు రావడంలో ఆయన పాత్ర ఎంత? (ఒక పాఠకురాలు, వరంగల్లు)

జవాబు: ఆ తరలింపు ఒక్కరి వల్ల జరగలేదు, ప్రభుత్వ ప్రోత్సాహకాలతో పాటు అంతకు ముందే ఇక్కడ వెలసిన సారథీ స్టూడియో వంటివి కూడా దానికి కారణమే. అయినా మద్రాసులో స్టూడియోలు, ల్యాబులు, సాంకేతిక నిపుణులు అన్నీ చేతికి అందుబాటులో ఉన్న 1960ల తొలినాళ్ళలో, అగ్రస్థానంలో ఉన్న కథానాయకుడు కుటుంబంతో సహా హైదరాబాదులో స్థిరపడటం నిర్మాతల ఆలోచనను మార్చింది; ఆయన డేట్లు కావాలంటే ఇక్కడికి రాక తప్పని పరిస్థితి వచ్చింది. ఆ తరవాత బంజారాహిల్స్ రాళ్ళగుట్టల మీద ఆయన కట్టించిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976 జనవరిలో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. అంతకు ఏడాదిన్నర లోపే, 1974లో, ఆయన అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకున్నారని గుర్తుంచుకుంటే ఆ పెట్టుబడి ఎంత సాహసమో అర్థమవుతుంది.

ప్రశ్న: ఆ శస్త్రచికిత్స తరవాత ఆయన స్థాయి తగ్గిందా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: తగ్గిందని చెప్పలేం. 'దసరా బుల్లోడు', 'ప్రేమనగర్' రెండూ 1971లో వచ్చి ఆయన్ను వ్యాపారపరంగా శిఖరం మీద నిలబెట్టాయి, శస్త్రచికిత్స తరవాత 'సెక్రటరీ'తో మళ్ళీ విజయం దక్కింది, 1981 నాటి 'ప్రేమాభిషేకం' సంగతి చెప్పనక్కరలేదు. యాభై దాటిన వయసులో కుర్రకారు వేషాల్లో ఆయన వేసిన కొన్ని స్టెప్పులు మాత్రం నేడు చూడటానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటాయి. వయసుకు తగిన పాత్ర దొరికినప్పుడు ఆయన ఏం చేయగలరో 'మేఘసందేశం' (1982), 'సీతారామయ్య గారి మనవరాలు' (1991) చూపించాయి. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం 1990 సంవత్సరానికి, పద్మవిభూషణ్ 2011లో లభించాయి. 2013 అక్టోబరులో తనకు క్యాన్సర్ ఉన్న సంగతిని విలేకరుల సమావేశం పెట్టి తానే ప్రకటించిన ఆయన, కొడుకు, మనవడితో కలిసి నటించిన 'మనం'కు ఆ స్థితిలోనే ఇంటి నుంచి డబ్బింగ్ చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు, చిత్రం అదే సంవత్సరం మే నెలలో విడుదలైంది.

ప్రశ్న: డాలస్‌లో పుట్టి పెరిగిన మా పిల్లలకు అక్కినేని చిత్రాల్లో ముందు ఏది చూపించమంటారు? (ఒక పాఠకురాలు, అమెరికా)

జవాబు: 'దేవదాసు'తో మాత్రం మొదలుపెట్టవద్దు, అంత విషాదాన్ని అంత నిదానంగా చెప్పే చిత్రానికి కొంత అలవాటు కావాలి. మొదట 'మిస్సమ్మ' చూపించండి. అందులో తెలుగు సులభం, హాస్యం ఇంటిల్లిపాదికీ అందుతుంది. తరవాత ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలోని 'మూగమనసులు' (1964): గోదావరి, పడవ, చదువులేని గోపి, జమీందారు గారి అమ్మాయిగా సావిత్రి. పిల్లలు కొంచెం పెద్దవారైతే, లాభం వస్తుందన్న ఆశ లేకుండా ఆదుర్తితో కలిసి అక్కినేని నిర్మించిన 'సుడిగుండాలు' చూపించవచ్చు. యువత నేర ప్రవృత్తి మీద తీసిన ఆ చిత్రంలో పాటల హంగు, ప్రేమకథ ఆకర్షణ లేవు, డబ్బు కూడా రాలేదు. అయినా అగ్రనటుడిగా ఉన్న రోజుల్లో ఆయన సొంత సొమ్ము ఎక్కడ పెట్టారో చూడాలంటే అది చూడాల్సిన చిత్రమే.