ముందు ఓడ అడుగు చూపించు

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నలు వచ్చే నెల ఇంగ్లండులో నీ దగ్గరికి, బ్రిస్టల్ వస్తున్నారట, వాళ్లను మ్యూజియంగా మార్చిన పాత ఓడ ‘ఎస్‌ఎస్ గ్రేట్ బ్రిటన్’కు తీసుకెళ్తావట. విశాఖలో ముప్పై ఏళ్లు ఓడల రేకులతో కుస్తీ పట్టినవాణ్ని. అడగకపోయినా చెప్పకుండా ఉండలేను.

టాక్సీ వద్దు. హార్బరులో తిరిగే ఫెర్రీ ఎక్కండి.

లోపలికి వెళ్లగానే అందరూ డెక్కు మీదికి పరుగెడతారు. నువ్వు మాత్రం వాళ్లను ముందు కిందికి, డ్రై డాక్‌లోకి, అంటే ఓడ నిలబెట్టిన నీళ్లు లేని గోతిలోకి దించు. ఓడ చుట్టూ నీటిమట్టం ఉండవలసిన ఎత్తులో గాజు పలకలు పరిచి, వాటి మీద పలచగా నీళ్లు నిలిపారు. పైనుంచి చూస్తే ఓడ తేలుతున్నట్టే ఉంటుంది. కిందికి దిగితే నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉంటుంది. అక్కడ నిలబడి ఆ ఇనుప రేకులను నిదానంగా చూడండి. తుప్పు పొరలు పొరలుగా లేచింది, కొన్నిచోట్ల చిల్లులు పడింది. దాన్ని దాచిపెట్టలేదు, నాకు నచ్చింది అదే. ఇనుములోకి ఉప్పు ఇంకిపోయింది. కాస్త తేమ తగిలితే మళ్లీ తినడం మొదలుపెడుతుంది. అందుకని యంత్రాలతో గాలిని ఆరబెట్టి, తేమను 20 శాతం దగ్గర ఉంచుతారు. గొంతు ఎండుతుంది, మంచినీళ్లు తాగి దిగండి.

ఓడ కథ నాన్నకు అక్కడే చెప్పు. బ్రూనెల్ అనే ఇంజినీరు దీన్ని కట్టించింది ఇదే డాక్‌లో, నీళ్లలోకి వదిలింది 1843లో. ఇనుప ఒళ్లు, వెనక ప్రొపెల్లర్ ఉన్న పెద్ద ఓడ అట్లాంటిక్ దాటడం 1845లో దీనితోనే మొదలు. తరవాత ఆస్ట్రేలియాకు వలసజనాన్ని మోసింది. చివరికి దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లండ్ దీవుల్లో బొగ్గు నిలవచేసే గోదామైంది. 1937లో అక్కడే తీరం దగ్గర ముంచేశారు. 33 ఏళ్ల తరవాత, పక్కన చీలిన పగులులో పాత పరుపులు కుక్కి, నీళ్లు తోడి, పెద్ద పంటు మీదికెక్కించి పుట్టింటికి తెచ్చారు. పరుపుల సంగతి మీ అమ్మకు తప్పకుండా చెప్పు. కారే గొట్టానికి చీరముక్క చుట్టి వారం నడిపించిన మనిషి తను.

ఇక పైకి వెళ్లండి. ఇంజను నకలే అయినా తిరుగుతుంది. అసలు ఇంజను నిమిషానికి 18 చుట్లు తిరిగితే, గొలుసులు ప్రొపెల్లర్‌ను 53 చుట్లు తిప్పేవి. ఆ గొలుసుల దగ్గర నేను అరగంట నిలబడ్డాను. లోపల అప్పటి వాసనలు కూడా పుట్టించి పెట్టారు. అమ్మకు కడుపులో తిప్పితే వెంటనే డెక్కు మీదికి తీసుకెళ్లు. మొదటి తరగతి భోజనశాల మాత్రం నేను త్వరగానే దాటాను. 1857లో మన తిరుగుబాటును అణచడానికి ఈ ఓడే సైనికులను బొంబాయికి మోసింది. అది గుర్తొచ్చాక ఆ బల్లల అందం కంటికి ఆనలేదు.

రామమోహన్ రాయ్ కన్నుమూసింది కూడా మీ ఊళ్లోనే, 1833లో. ఆర్నోస్ వేల్ శ్మశానంలో సమాధి ఉంది, నాన్న చూస్తానంటాడు. అదే రోజు మాత్రం పెట్టుకోకు, వాడి మోకాళ్లు ఒప్పుకోవు.

పెదనాన్న